సీసా మూత పెట్టినప్పుడే తేలిపోతుంది

(గుంటూరు, విజయవాడల వైద్య, దంత కళాశాలల పీజీ విద్యార్థులకూ లేబొరేటరీ టెక్నీషియన్లకూ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చింతకాయ కొరికితే పళ్లు పులిశాయంటాం. పంటి పైపొరలోని ఖనిజం పులుపుకి రవ్వంత కరిగిందన్నమాట. నోట్లో పీహెచ్ (ఎంత తగ్గితే అంత పులుపు) సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఆ పైపొర, అంటే ఎనామెల్, కరగడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం ఆ పులుపును విరిచేసి, పోయిన కాల్షియంలో కొంత తిరిగి పూడుస్తుంది. గట్టి ఎముకనీ పంటినీ మైక్రోస్కోపు కింద చూసేంత పలచగా కోయడానికి, కాల్షియం తీసేసే డీకాల్సిఫికేషన్ పేరుతో లేబొరేటరీలో చేసేదీ ఇదే పని. కాకపోతే అక్కడ లాలాజలం ఉండదు, ఎప్పుడు ఆపాలో మనమే తెలుసుకోవాలి.

ఎముకలోనూ పంటిలోనూ ఉన్నది ఒకటే ఖనిజం, హైడ్రాక్సీఅపటైట్. బరువులో చూస్తే ఎనామెల్‌లో 96 శాతం అదే. దాని కిందుండే డెంటిన్‌లో 70 శాతం, ఎముకలో కూడా కాస్త అటూ ఇటూగా అంతే. ఈ రెంటిలో మిగిలింది చాలావరకు కొల్లాజెన్ అనే ప్రొటీను, నీరు. ఆర్థోపెడిక్ సర్జన్, దంతవైద్యుడు, అనాటమీ వాళ్లు, రసాయనశాస్త్రం వాళ్లు నలుగురూ ఈ ఒక్క పదార్థం మీదే పనిచేస్తారు. ఒకరి చేతిలో జరిగిన పొరపాటు ఇంకొకరి బల్ల దగ్గర బయటపడుతుంది. స్లైడు పాడైందని మైక్రోస్కోపు దగ్గర తెలుస్తుంది గానీ, అది పాడయ్యేది చాలాసార్లు ఆపరేషన్ థియేటర్లో సీసా మూత పెట్టిన నిమిషానే.

తుంటి విరిగిన పెద్దవాళ్లకు కీలు మార్చినప్పుడు తీసిన తొడ ఎముక తల సంగతే చూడండి. అది సుమారు 45 మిల్లీమీటర్ల గుండ్రటి ముద్ద. దాన్ని అలాగే, కణజాలం కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో పడేసి మూత బిగిస్తే, ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి నడుస్తుంది, పోనుపోను ఇంకా నెమ్మదిస్తుంది. మధ్యభాగానికి చేరేలోపు అక్కడి మజ్జ కుళ్లిపోతుంది, మే నెలలో అయితే మరీ త్వరగా. అందుకే వచ్చిన రోజే రంపంతో 3 నుంచి 5 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోయాలి. కోసేటప్పుడు పుట్టే ఎముక పొడి రంధ్రాల్లో ఇరుక్కుని స్లైడులో నల్లటి మట్టిలా కనిపిస్తుంది. మెత్తటి బ్రష్‌తో నీటిధార కింద కడిగితే పోతుంది.

పన్నుదీ అదే కథ, దానికి తోడు గోడలు ఇంకా గట్టివి. పంటి లోపలి మెత్తటి కణజాలానికి, అంటే పల్ప్‌కి, ఫార్మలిన్ వెళ్లే దారి వేరు కొనలో ఉండే సన్నటి రంధ్రం ఒక్కటే. వేరు కొన రెండు మూడు మిల్లీమీటర్లు కోసేయాలి, లేదంటే నీళ్లు పడుతూ తిరిగే డైమండ్ డిస్క్‌తో పంటిని నిలువునా చీల్చాలి. నీళ్లు లేకుండా కోస్తే వేడికి డెంటిన్ కాలి గోధుమరంగు తిరుగుతుంది.

ఫార్మలిన్ గురించి కూడా రెండు మాటలు. సీసాలో దొరికే 40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఇదే న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ఆ ఉప్పులే పీహెచ్ మారకుండా పట్టే బఫర్. ముక్క పరిమాణానికి 20 రెట్లు పోయాలి. ఈ ఉప్పులు మానేసి కుళాయి నీళ్లు కలిపిన ఫార్మలిన్ నెలల తరబడి నిల్వ ఉంటే ఫార్మిక్ ఆమ్లంగా మారుతూ పోతుంది. అప్పుడు మీరు ఫిక్స్ చేస్తున్నాం, అంటే కుళ్లకుండా నిలబెడుతున్నాం అనుకుంటూనే కొద్దికొద్దిగా డీకాల్సిఫై కూడా చేస్తున్నారు. రక్తం ఉన్నచోట గోధుమరంగు ఫార్మలిన్ పిగ్మెంట్ కూడా పడుతుంది. వెనకటి రోజుల్లో సీసా అడుగున చలువరాతి ముక్కలు వేసేవారు. అది కాల్షియం కార్బొనేటు, పుట్టిన ఆమ్లాన్ని తాగేస్తుంది. పల్నాటి సున్నపురాయి చేసే పనీ అదే గానీ, బఫర్ ఉండగా రాళ్లెందుకు?

ఇక్కడ ఆర్థోపెడిక్ విభాగానికి ఒక మనవి. వెన్నుపూస క్షయ అని అనుమానం ఉన్నప్పుడు తీసిన ముక్కంతా ఫార్మలిన్‌లో వేయకండి. కొంత స్టెరైల్ సెలైన్‌లో పెట్టి కల్చర్‌కీ (క్రిములను పెంచి చూసే పరీక్ష), సీబీనాట్‌కీ (క్షయ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) పంపాలి. ఫార్మలిన్ తగిలిన ముక్కలో కల్చర్ మొలవదు. మిగిలిన దాంట్లో మెత్తగా, జున్నులా ఉన్న భాగాన్ని ఎముక పెచ్చుల నుంచి వేరు చేయండి. మెత్తటి భాగానికి డీకాల్సిఫికేషన్ అక్కర్లేదు, మర్నాటికే, కోతకు మైనంలో పోతపోసిన బ్లాకు తయారవుతుంది. చాలాసార్లు రోగనిర్ధారణ అందులోనే దొరుకుతుంది. రెండూ కలిపి ఆమ్లంలో వేస్తే క్షయలో కణాలు గుమిగూడే గ్రాన్యులోమా ఎలాగో కనబడవచ్చు గానీ, జీల్-నీల్సన్ రంగులో క్షయ క్రిములు (బ్యాసిల్లై) దొరకడం కష్టమవుతుంది.

ఇప్పుడు ఆమ్లాల సంగతి. మన దగ్గర వాడుకలో ఉన్నవి మూడు. 5 శాతం నైట్రిక్ ఆమ్లం తొందరపడేవాళ్లకి. ఎముక బిళ్ల రోజు, రోజున్నరలో మెత్తబడుతుంది. కానీ గంటలు లెక్కబెట్టుకోవాలి. పాతబడ్డ ఆమ్లం పసుపు తిరిగితే అందులో నైట్రస్ ఆమ్లం పుట్టిందని అర్థం, అది రంగును చెడగొడుతుంది. లీటరుకి ఒక గ్రాము యూరియా వేస్తే కాస్త ఆగుతుంది. 5 నుంచి 10 శాతం ఫార్మిక్ ఆమ్లం రోజువారీ పనికి. బిళ్లకు రెండు మూడు రోజులు, పంటికి వారాలు పడుతుంది. ఏది వాడాలో తేలక తడబడుతుంటే ఫార్మిక్‌నే ఎంచుకోండి. మూడోది ఈడీటీఏ. అది ఆమ్లంలా ఖనిజాన్ని కరిగించదు. స్ఫటికం ఉపరితలం మీదున్న కాల్షియం అయాన్లను ఒక్కొక్కటిగా పట్టుకుపోతుంది. ఒక ఈడీటీఏ అణువుకి ఒక కాల్షియం, అంతే. అందుకే చిన్న ఎముక ముక్కకైనా వారాలు, పంటికి రెండు నెలలైనా పట్టవచ్చు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో కణాల్లోని ప్రొటీన్లను గుర్తించే పద్ధతి), డీఎన్ఏ పనులు చేసేవాళ్లకు మాత్రం ఇదే మేలైన దారి.

ఈడీటీఏ కలపడంలో కొత్తవాళ్లు తరచూ తడబడతారు. 140 గ్రాముల డైసోడియం లవణాన్ని 700 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి గంటసేపు కలిపినా అడుగునే ఉంటుంది. పొడి మంచిది కాదని పారబోస్తారు. తప్పు పొడిది కాదు, పీహెచ్‌ది. సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా వేస్తూ పోతే పీహెచ్ పెరిగేకొద్దీ కరుగుతుంది. మొత్తం తేటపడ్డాక పీహెచ్ 7.2, 7.4 మధ్యకు సరిచేసి లీటరుకి నింపండి.

ద్రావణం ఏదైనా ముక్కకు 20 నుంచి 30 రెట్లు ఉండాలి, రోజూ లేదా రోజు విడిచి రోజు మార్చాలి. ముక్క అడుగున పడి ఉండకూడదు. దారంతోనో గాజుగుడ్డ మూటలోనో మధ్యలో వేలాడదీయండి. బయటికొచ్చిన కాల్షియం బరువుగా అడుగుకి దిగుతుంది. అడుగునున్న ముక్క తన కాల్షియంలోనే తాను కూర్చుంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎందుకు వాడరని పీజీలు అడుగుతుంటారు. కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం పుట్టి కరగకుండా రంధ్రాలు మూసేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఫార్మలిన్‌తో కలిపే పాత పద్ధతి ఎవరి దగ్గరైనా ఉంటే ఇవాళే మానండి. ఆ రెండూ కలిస్తే క్యాన్సర్ కారకమైన బిస్-క్లోరోమిథైల్ ఈథర్ పుడుతుంది.

పుస్తకాల్లో రాసిన గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఏసీ లేని లేబొరేటరీలో మన వేసవి సాయంత్రం అది ఎక్కడ ఉంటుందో మీకు తెలుసు. వేడికి ఆమ్లం త్వరగా పనిచేస్తుంది, అది నిజమే. దానికంటే ముందు కొల్లాజెన్ ఉబ్బి, కణకేంద్రకాలు రంగు పట్టే గుణం పోగొట్టుకుంటాయి. 60 డిగ్రీల ఓవెన్‌లో పెడితే ఎముక మెత్తబడేసరికే కణజాలం జావైపోతుంది. పుస్తకంలో మూడు రోజులని ఉంటే ఏప్రిల్, మే నెలల్లో రెండో రోజు నుంచే పరీక్షించడం మొదలుపెట్టండి.

ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య. సూదితో గుచ్చి చూడటం, వంచి చూడటం మన అలవాటు. గుచ్చిన రంధ్రం స్లైడులో కనబడుతుంది, చిన్న కణితిని చీల్చేస్తుంది కూడా. దానికి బదులు రసాయన పరీక్ష చేయండి. ముక్క కనీసం ఆరు గంటలు నానిన ఆమ్లంలోంచి 5 మిల్లీలీటర్లు తీసుకోండి. లిట్మస్ నీలం తిరిగేదాకా అమోనియా వేయండి. అప్పుడే తెల్లగా మబ్బు పట్టిందంటే కాల్షియం బోలెడంత వస్తోందని అర్థం, ఆమ్లం మార్చి మళ్లీ నానబెట్టండి. తేటగా ఉంటే 5 మిల్లీలీటర్ల సంతృప్త అమోనియం ఆక్సలేటు కలిపి అరగంట ఆగండి. అప్పటికీ తేటగా ఉంటే పని అయిపోయినట్టే. కాల్షియం ఆక్సలేటు కరగదన్నదే ఈ పరీక్షకు మూలం. మన గోంగూరలో ఆక్సలేటు ఉందని కిడ్నీలో రాళ్లున్నవాళ్లను వద్దనేదీ అందుకే.

ఈ పరీక్ష రెండుచోట్ల అబద్ధం చెబుతుంది. బోరు నీళ్లతో ఆమ్లం పలచన చేస్తే, ఆ నీళ్లలోని కాల్షియమే మబ్బు పట్టిస్తుంది. ముక్క ఎప్పటికీ ‘పూర్తికాదు’. వారం తరవాత చూస్తే కణకేంద్రకాలకు నీలం ఇచ్చే హెమటాక్సిలిన్ అసలు పట్టదు, గులాబీ రంగు ఇచ్చే ఇయోసిన్ మాత్రం విరగబడి పట్టి స్లైడంతా గులాబీ ముద్ద. రెండోది ఈడీటీఏ. అది కాల్షియాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆక్సలేటుకి మామూలుగా చిక్కదు. దానికి ఎక్స్‌రే తీయడమే నమ్మకం. దంత విభాగంలో ఉన్న చిన్న ఎక్స్‌రే మిషను చాలు.

ఇంత చేసినా బ్లాకులో ఒక గట్టి రవ్వ మిగిలి పలచటి పొరలు (సెక్షన్లు) కోసే మైక్రోటోమ్ కత్తి కరకరలాడితే బ్లాకు కరిగించనక్కర్లేదు. కోసిన ముఖాన్ని ఒక శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తడిపిన దూది మీద పావుగంట నుంచి గంటదాకా బోర్లించండి. పైన కొద్ది మైక్రాన్ల మేరే మెత్తబడుతుంది కాబట్టి, కడిగాక తొలి సెక్షన్లనే జాగ్రత్తగా పట్టుకోవాలి. బ్లాకు బిగించి నాలుగు సెక్షన్లు వృథా చేశారో, మళ్లీ మొదటికొస్తుంది.

డీకాల్సిఫై చేసిన పంటిలో ఎనామెల్ కనబడదు. 96 శాతం ఖనిజం పోయాక మిగిలేదేముంది? ఉన్నచోట ఖాళీ ఉంటుంది. ఎనామెల్ చూడాలంటే గ్రౌండ్ సెక్షనే. పంటిని డిస్క్‌తో పలచగా కోసి, ముందు గరుకు కార్బొరండం రాయి మీద, తరవాత నున్నటి అర్కాన్సాస్ రాయి మీద నీళ్లతో అరగదీస్తూ 50 మైక్రాన్లలోపుకి తేవాలి. పూర్తిగా ఆరాక చిక్కటి బాల్సం జిగురుతో స్లైడు మీద అతికించండి. పలచటి డీపీఎక్స్ జిగురు వేస్తే అది డెంటిన్ గొట్టాల్లోకి పాకి లోపలి గాలిని తోసేస్తుంది. నల్లటి గీతల్లా కనబడాల్సిన గొట్టాలు మాయమవుతాయి.

ఖనిజం సరిగా పట్టక ఎముక మెత్తబడే ఆస్టియోమలేసియా అనుమానమున్నా డీకాల్సిఫికేషన్ పనికిరాదు. ఖనిజం పట్టని ఆస్టియాయిడ్ ఎంతుందన్నదే అక్కడ ప్రశ్న, ఖనిజమంతా తీసేశాక రెంటికీ తేడా ఏం తెలుస్తుంది? బయాప్సీకి ముందు రెండు విడతలుగా టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, తుంటి ఎముక అంచు నుంచి తీసిన ముక్కను ప్లాస్టిక్ రెసిన్‌లో పోతపోసి కోస్తారు. ఆ మందు కాల్షియంతో బంధం కడుతుంది కాబట్టి, కొత్త ఎముక పట్టిన చోట్ల అతినీలలోహిత కాంతిలో రెండు పసుపు గీతలు మెరుస్తాయి. వాటి మధ్య దూరాన్ని రెండు విడతల మధ్య రోజులతో భాగిస్తే ఎముక పెరిగే వేగం వస్తుంది. చిన్నప్పుడు ఈ మందు వాడిన పిల్లల పళ్ల మీద పడే పసుపు పట్టీలు కూడా ఆ బంధం చేసినవే.

చివరగా, పళ్ల మీద బాండ్ స్ట్రెంగ్త్ (పంటికి గమ్ ఎంత గట్టిగా పట్టిందన్న) పరిశోధన చేసేవాళ్లకి. క్లిప్పులు వేయడానికి తీసిన ప్రీమోలార్లను (చిన్న దవడ పళ్లను) పోగుచేస్తారు. కృష్ణా కాలువ నీళ్లు తాగినవాళ్లవీ, పల్నాడు, ప్రకాశం వైపు ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగినవాళ్లవీ ఒకే సీసాలో పడతాయి. ప్రకాశం వైపు దర్శి, పొదిలి, కనిగిరి 1937 నాటికి నెల్లూరు జిల్లాలోవి. ఆ జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే పరిశోధకుడి బృందం ఆ ఏడాదే రాసింది. ఫ్లోరోసిస్ పంటి పైపొర ఆమ్లానికి త్వరగా లొంగదు, దాని కింద పొర గుల్లగా ఉంటుంది. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో 15 నుంచి 30 సెకన్లు ఎచింగ్ చేస్తే, అంటే గమ్ పట్టేలా గరుకు చేస్తే, మామూలు పంటికి సరిపోతుంది, దీనికి చాలకపోవచ్చు. రెండూ కలిసిన గుంపులో ఫలితాలు చెల్లాచెదురుగా వస్తే గమ్ కంపెనీని తిట్టి లాభం లేదు. ఎనిమిదేళ్ల లోపు ఏ ఊరి నీళ్లు తాగారో పన్ను తీసే రోజే అడిగి రాసుకోండి. పళ్లను క్రిములు చంపే 0.5 శాతం క్లోరమిన్-టీలో వారం ఉంచి, తరవాత 4 డిగ్రీల దగ్గర డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టండి. బ్లీచింగ్ ద్రావణంలో దాచకండి, అది కొల్లాజెన్‌ను తినేస్తుంది. పాదరసం కలిసిన అమాల్గం నింపిన పళ్లను ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో శుద్ధి) చేయకండి, గదంతా పాదరసం ఆవిరి అవుతుంది.

ఫ్లోరైడు స్వయంగా కొలిచేవాళ్లు గాజు పాత్రలు పక్కనపెట్టి ప్లాస్టిక్ వాడండి. ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడ్‌కి పోలిక కోసం లీటరుకి 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న స్టాండర్డ్ కావాలంటే 0.221 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ లీటరు నీళ్లలో కలపాలి. నమూనాకి సమానంగా టైసాబ్ బఫర్ కలిపి పీహెచ్ 5, 5.5 మధ్య ఉంచితేనే అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడు విడుదలవుతుంది. ఫ్లోరైడు పదింతలైతే ఎలక్ట్రోడ్ వోల్టేజిలో వచ్చే మార్పు 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు, 40 డిగ్రీల దగ్గర 62. పొద్దున స్టాండర్డ్ పెట్టి మధ్యాహ్నం ఎండలో నమూనా కొలిస్తే ఆ తేడా ఫ్లోరైడు లెక్కలో కలుస్తుంది. రెండూ ఒకే పూట, ఒకే వేడిలో కొలవండి.

ఇక మీ ప్రశ్నలు. ముందు టెక్నీషియన్లు అడగండి, సీసాలు తెరిచేది మీరే. పీజీలు తరవాత.