మందు ఎవరు మానతారో అలిపిరి అవ్వను అడుగుదాం

నమస్తే అన్నా, నమస్తే అక్కా. మొన్న కపిలతీర్థం రోడ్డులో టీ తాగతా ఉంటే పక్కన ఒక పిల్లోడు అంటాడు: "మందు ఎవరు మానతారో ఏఐ 80 శాతం కరెక్టుగా చెప్పేస్తాది!" నాకు టీ దిగలేదు. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చిన 100 మందిలో 80 మంది మళ్లీ మొదలుపెట్టినారనుకోండి. "అందరూ తాగతారు" అని గోడమీద బల్లి పలికినా 80 శాతం కరెక్టే గదా!

సరే, అలిపిరి కాడికి పోదాం. కొండెక్కడమంటే మందు మానడం అనుకోండి. 3550 మెట్లు. ఎవరు కొండెక్కుతారు, ఎవరు మధ్యలో దిగొచ్చేస్తారు? పసుపు కుంకుమ అమ్మే అవ్వ మార్కులేస్తాది. మోకాళ్ల నొప్పా, ఇన్ని తీసెయ్. ఇంట్లోవాళ్లు తోడున్నారా, ఇన్ని కలుపు. మొత్తం మార్కుల్ని బట్టి ఎక్కే ఛాన్స్ ఎంత శాతమో చెప్తాది. లాజిస్టిక్ రిగ్రెషన్ అంటే ఇదే. గణాంకాల మేధావి డేవిడ్ కాక్స్ 1958లోనే దీని మీద పేపరు రాసినాడు.

2001లో లియో బ్రైమన్ అనే ఇంకో గణాంకాల ఆయన ర్యాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతి తెచ్చినాడు. ఒక్క అవ్వ బదులు 500 మంది అవ్వలు. ఒక్కో అవ్వకు కొందరినే చూపించి, కొన్ని ప్రశ్నలే అడగనిచ్చి, చివర్లో చేతులెత్తమంటారు. "నొప్పి ఉన్నా పెండ్లాం తోడుంటే ఎక్కేస్తాడు" లాంటి మెలికలు వీళ్లే పట్టేస్తారు. మొదటి అవ్వకైతే మనం చెప్పాల. కానీ చూసింది 200 మందినే అయితే? "గళ్లచొక్కా వాడు ఎక్కడు" అని కూడా నేర్చేసుకుంటారు!

2019లో 71 వైద్య పరిశోధనలు తిరగేసి చూసినారు, రకరకాల జబ్బులవి. పోలిక సరిగ్గా చేసిన చోట 500 మంది అవ్వల్లాంటి పద్ధతులు సగటున ఒక్క అవ్వను గెలవలేదు.

నా అసలు బాధ వేరే. మెట్ల దారి మధ్యలో గాలిగోపురం కాడ కనిపించినోడు మళ్లీ కనపడలేదు. పైకి పోయినాడా, దిగిపోయినాడా? "దిగిపోయినాడు" అని రాస్తే తప్పు. పేరు కొట్టేస్తే ఇంకా తప్పు. "గాలిగోపురం దాకా ఎక్కినాడు", అంతవరకే లెక్కలో పెట్టుకోవాల. ఇట్లాంటోళ్లను కూడా కలుపుకుని మార్కులేసే దారి ఒకటి 1972లో మళ్లీ కాక్సే చూపించినాడు. సెంటర్లో కూడా అంతే, మూడో నెలలో ఫోన్ స్విచాఫ్. ఆ లెక్క నిలబడాలంటే వాడు ఊరికే తప్పిపోయినోడై ఉండాల. మందు మొదలుపెట్టినోడే సిగ్గుతో ఫోన్ ఎత్తడు, నాయనా! అప్పుడు కాక్స్ లెక్కా తప్పుతాది, అవ్వలంతా కూడా తప్పుతారు.

టైమైపోతా ఉంది, గబగబా చెప్పేస్తా. 70 శాతం ఛాన్స్ అన్న 100 మందిలో సుమారు 70 మంది ఎక్కినారా లేదా చూడండి. దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. డీప్ లెర్నింగ్ అని ఏఐలో ఇంకో పద్ధతుంది, అది వచ్చే వీడియోలో. ఇంట్లో ఎవరికైనా మందు మానడానికి సాయం అవసరముంటే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేయండి, టోల్‌ఫ్రీ.