వంతెన అప్పు తీరిపోయింది, టోల్ మాత్రం పెరిగింది

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ ఇంగ్లండ్‌లో మా ఊరు గ్రేవ్‌సెండ్ నుంచి తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ వెళ్తున్నాం. సోనా మసూరి బియ్యం అయిపోయింది, గోంగూర, మునక్కాయలు తెచ్చుకోవాలి, వీలైతే మహాలక్ష్మి గుడికి కూడా వెళ్లాలి. డ్రైవింగ్ మా ఆయన, వెనక సీట్లో పిల్లలు. షాపుల్లో ఏం కొన్నామో ఇంకోసారి చూపిస్తాను. ఈ వీడియో మాత్రం దారి గురించే. థేమ్స్ నది దాటి అవతలికి వెళ్లడానికి మనం ఎన్ని రకాలుగా డబ్బు కడుతున్నాం, అందులో ఏది న్యాయం, ఏది కాదు అన్నది చాలా రోజులుగా నా మనసులో ఉంది. ఇవాళ చెప్పేస్తాను.

ముందు పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. ఇదిగో బిల్లు, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. లీటరు 135 పెన్నీలు. అందులో ఫ్యూయల్ డ్యూటీ, అంటే ఇంధనం మీద పన్ను, 52.95 పెన్నీలు. ఆ డ్యూటీ కూడా కలిపిన ధర మీద మళ్లీ 20 శాతం వ్యాట్, అంటే ఇంకో 22.5 పెన్నీలు. మొత్తం కలిపితే లీటరుకి 75 పెన్నీల పైన ప్రభుత్వానికే వెళ్తుంది, సగం కన్నా ఎక్కువ. బిల్లులో చూడండి, వ్యాట్ ఒక్కటే విడిగా వేశారు. డ్యూటీ ఎంతో ఎక్కడా లేదు. ఇక్కడికొచ్చి ఏళ్లు గడిచినా మన వాళ్లలో చాలామందికి ఈ లెక్క తెలియకపోవడానికి కారణం అదే.

ఇది కాక కారు పన్ను. 2017 ఏప్రిల్ తర్వాత రిజిస్టరైన కార్లకి, మొదటి ఏడాది దాటాక, 2025 ఏప్రిల్‌లో ఏటా 195 పౌండ్లు చేశారు. ఇంతకు ముందు ఎలక్ట్రిక్ కార్లకి ఇది లేదు, ఇప్పుడు వాళ్లూ కట్టాలి. ఇంధనం మీద డ్యూటీ ఏటా దాదాపు 2,500 కోట్ల పౌండ్లు వస్తుంది, కారు పన్ను ఇంకో 800 కోట్ల దాకా. రోడ్ల మీద పెట్టే ఖర్చు ఇంతకన్నా చాలా తక్కువ.

మరి ఆ మిగతా డబ్బు ఏమవుతోంది అంటే, అన్ని పన్నుల్లాగే ఖజానాలో కలిసిపోతోంది. మొదట్లో ఇలా అనుకోలేదు. 1909లో లాయిడ్ జార్జ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు పెట్రోల్ మీద, కార్ల మీద పన్ను వేసి, వచ్చిన డబ్బు రోడ్లకే ఖర్చు పెడతామన్నారు. తర్వాత 1920లో రోడ్ ఫండ్ అని విడిగా పెట్టారు. 1926లో చర్చిల్ ఆర్థిక మంత్రిగా ఆ ఫండ్ లోంచి డబ్బు తీసుకుని బడ్జెట్‌లో సర్దుకున్నారు. 1937కల్లా కార్ల పన్నుకీ రోడ్లకీ ఉన్న ఆ సంబంధం పూర్తిగా తెగిపోయింది. దీన్ని నేను తప్పు పట్టను. హాస్పిటళ్లకీ, స్కూళ్లకీ డబ్బు కావాలి, మా పిల్లలు చదివేది ప్రభుత్వ బడిలోనే. నా బాధ దీని గురించి కాదు. పెట్రోల్ దగ్గర ఇంత కట్టాక, కొంతమంది దగ్గర మాత్రమే మళ్లీ వసూలు చేయడం గురించి.

ఏ2 రోడ్డు మీదకి వచ్చాం. ఇక్కణ్ణుంచి లండన్ చుట్టూ తిరిగే ఎం25 మోటార్‌వే ఎక్కి డార్ట్‌ఫర్డ్ టన్నెల్‌లోకి వెళ్లాలి. మా ఊరు నది ఒడ్డునే ఉంది, ఎదురుగా టిల్‌బరీ కనిపిస్తూనే ఉంటుంది. మా ఆయన పనిచేసే వేర్‌హౌస్ అక్కడే. 2024 మార్చి దాకా గ్రేవ్‌సెండ్, టిల్‌బరీ మధ్య మనుషుల్ని దాటించే చిన్న ఫెర్రీ ఉండేది. కౌన్సిళ్లు డబ్బు ఇవ్వలేమనడంతో ఆగిపోయింది. ఇప్పుడు కళ్లెదుట కనపడే ఒడ్డుకి వెళ్లాలంటే కారు తీసి, ఇంత చుట్టూ తిరిగి, డార్ట్‌ఫర్డ్ దగ్గర దాటాలి.

ఇక్కడ ట్రాఫిక్ చూడండి, శనివారం పొద్దున కూడా ఇంతే. ముందు రెడ్ లైట్ పడింది. పెట్రోల్ ట్యాంకర్ల లాంటివి వస్తే అందర్నీ ఆపి, ముందో వెనకో ఒక బండిని తోడిచ్చి టన్నెల్ దాటిస్తారు. ఎత్తు ఎక్కువైన లారీ తప్పు లేన్‌లోకి వచ్చినా అంతే. ఉత్తరానికి వెళ్లే వాళ్లకి రెండు టన్నెళ్లు, ఒకటి 1963ది, ఇంకొకటి 1980ది. తిరిగి దక్షిణానికి వచ్చేటప్పుడు క్వీన్ ఎలిజబెత్ 2 వంతెన. వంతెన 1991లో తెరిచారు. రోజుకి 1,35,000 బండ్లకని లెక్కేసి కట్టిన దారిలో ఒక్కో రోజు 1,80,000 దాకా వెళ్తుంటాయి.

ఆ వంతెన కథ అందరూ తెలుసుకోవాలి. దాన్ని కట్టింది ప్రైవేటు డబ్బుతో. ఒక కంపెనీ వచ్చి, పాత టన్నెళ్ల మీద ఉన్న అప్పు కూడా నెత్తిన వేసుకుని, వంతెన కట్టి, 20 ఏళ్ల లోపు టోల్ వసూలు చేసుకుని అప్పు తీర్చుకునేలా ఒప్పందం. ట్రాఫిక్ బాగా ఉండటంతో అనుకున్న దానికన్నా ముందే అప్పు తీరింది. 2003లో టోల్ పోవాలి. పోలేదు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి ట్రాఫిక్ తగ్గించడానికి అని చెప్పి, అదే చోట, అదే మనుషుల దగ్గర ఛార్జీ కొనసాగించారు. 2014 నవంబర్‌లో గేట్లు తీసేశారు. 2025 సెప్టెంబర్ 1న కారుకి రెండున్నర పౌండ్ల నుంచి మూడున్నర చేశారు. ఇంటి లోన్ తీరిపోయాక కూడా బ్యాంకు వాడు ఈఎంఐ కట్టమన్నట్టుంది ఇది. ట్రాఫిక్ తగ్గించడానికే అయితే, ఇన్నేళ్లుగా వసూలు చేస్తూనే ఉన్నారు కదా, మరి ఈ లైన్ ఏంటండీ?

కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌కి ఒక మాట. గేట్లు లేవు కాబట్టి ఎవరూ మిమ్మల్ని ఆపరు, కెమెరా నంబర్ ప్లేట్ చదువుతుంది. మర్నాడు అర్ధరాత్రి లోపు ఆన్‌లైన్లో కట్టేయండి. లేదంటే 70 పౌండ్ల జరిమానా నోటీసు ఇంటికి వస్తుంది, 14 రోజుల్లో కడితే 35. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఫ్రీ. అందుకే మా ఆయన షిఫ్ట్ ఆరున్నరకే అయినా ఆరు లోపే దాటేస్తాడు, అక్కడికెళ్లి పార్కింగ్‌లో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతాడు. అదే టైముకి అక్కడ అలా కూర్చునేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారట.

నదికి ఇటు డార్ట్‌ఫర్డ్, అటు థరాక్ కౌన్సిళ్లలో ఉండేవాళ్లకి డిస్కౌంట్ ఉంది, ఏడాదికి కొంచెం కడితే ఎన్నిసార్లైనా తిరగొచ్చు. మా ఇల్లు గ్రేవ్‌షామ్ కౌన్సిల్ కిందికి వస్తుంది. మాకు లేదు. మా ఫ్రెండ్ వాళ్లిల్లు హద్దుకి అవతల ఉంది, తనకి ఉంది. ఇద్దరూ ఒకే వేర్‌హౌస్‌కి వెళ్తారు. పగటి షిఫ్ట్ పడి రానూ పోనూ కట్టాల్సి వస్తే, ముందే డబ్బు వేసుకునే అకౌంట్ ఉండి రేటు కొంచెం తగ్గినా, మా ఆయనకి రోజుకి 5 పౌండ్ల 60 పెన్నీలు. ఎక్కువ జీతం వచ్చేవాడు ఇంట్లోంచే పని చేసుకుంటాడు, ఒక్క పైసా కట్టడు. వేర్‌హౌస్ వాడు, కేర్ హోమ్‌లో పనిచేసే అక్క, వాళ్లు కట్టాలి. పెట్రోల్ పన్ను అయితే ఎక్కువ తిరిగినవాడు ఎక్కువ కడతాడు, ఊరు ఏదైనా ఒకే రేటు. టోల్ అలా కాదు, నది ఏ పక్కన ఇల్లు దొరికిందన్న దాన్ని బట్టి పడుతుంది.

టన్నెల్ దాటాం, ఏ13 మీద ఉన్నాం. ఇంకో దారి లేదా అని అడుగుతారు. ఉంది, లండన్ లోపలికి వెళ్లి బ్లాక్‌వాల్ టన్నెల్‌లో దాటొచ్చు. 1897 నుంచి ఫ్రీగా ఉన్న టన్నెల్ అది. 2025 ఏప్రిల్ 7న పక్కనే సిల్వర్‌టౌన్ టన్నెల్ తెరిచారు, రివర్‌లింక్స్ అనే ప్రైవేటు కంపెనీల కూటమి కట్టింది. దాని ఖర్చు రాబట్టడానికి ఆ రోజు నుంచే రెండింటికీ ఛార్జీ పెట్టారు. రద్దీ వేళ కారుకి 4 పౌండ్లు, పగలు మిగతా వేళల్లో, డబ్బు దానంతటదే కట్టయ్యే ఆటో పే పెట్టుకుంటే ఒకటిన్నర.

దీని గురించి చదువుతుంటే ఒక విషయం తెలిసింది. 1877లో చట్టం చేసి, లండన్‌లో పడమటి వైపున్న టోల్ వంతెనల్ని ఊరి జనం పన్నుల డబ్బుతో కొనేసి ఫ్రీ చేశారు. అప్పుడు తూర్పు లండన్ వాళ్లు, మేమూ పన్ను కట్టాం కదా, మా వైపు నది దాటడానికి ఏదీ అని నిలదీశారు. ఆ ఒత్తిడితోనే 1889లో వూలిచ్ దగ్గర ఫ్రీ ఫెర్రీ వచ్చింది, కార్లని ఇప్పటికీ ఫ్రీగానే దాటిస్తోంది. తర్వాత బ్లాక్‌వాల్, 1908లో రాదర్‌హైత్ టన్నెల్ వచ్చాయి. ఇవాళ పడమట వంతెన తర్వాత వంతెన, దేనికీ టోల్ లేదు. అక్కడి జనం అలా నిలదీసి ఫ్రీగా తెచ్చుకున్న తూర్పునే మళ్లీ ఛార్జీ. ఇది చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది.

ప్రైవేటు డబ్బుతో రోడ్డు వేయకూడదని నేననను. బర్మింగ్‌హామ్ దగ్గర ఎం6 టోల్ ఉంది, 2003 డిసెంబర్‌లో తెరిచారు, 27 మైళ్లు. 2054 దాకా కంపెనీదే. రేటు ఎక్కువే, కానీ పక్కనే ఫ్రీ ఎం6 ఉంది. టైము కావాలంటే డబ్బు కట్టి వెళ్లు, లేదంటే ట్రాఫిక్‌లో వెళ్లు. అక్కడ మనకి ఎంచుకునే వీలుంది. వేల్స్ వైపు సెవెర్న్ వంతెనలు కూడా చూడండి. రెండోది 1996లో ప్రైవేటుగానే కట్టారు. వసూళ్ల ఒప్పందం ముగిసి వంతెనలు ప్రభుత్వం చేతికి వచ్చాక, 2018 డిసెంబర్ 17న టోల్ ఎత్తేశారు. అక్కడ చేయగలిగింది డార్ట్‌ఫర్డ్‌లో ఎందుకు చేయలేదు? ఇక్కడ వచ్చే డబ్బు వదులుకోబుద్ధి కాలేదు, అంతే.

నాన్నతో వీడియో కాల్‌లో ఇదంతా చెప్తే, మన దగ్గర మాత్రం ఏం తక్కువమ్మా అన్నారు. బండి కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్, పెట్రోల్‌లో సెస్సు, మళ్లీ విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తే చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దగ్గర టోల్. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయల ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ వచ్చింది, 200 ట్రిప్పులు, అది కొంత ఊరట అన్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుని 2023లో 7,380 కోట్లకి 30 ఏళ్లు ప్రైవేటుకి లీజుకిచ్చిన సంగతి కూడా ఆయనే గుర్తు చేశారు. ఎప్పుడో కట్టేసిన రోడ్డు మీద రాబోయే 30 ఏళ్ల టోల్‌ని ముందే అమ్ముకోవడం. అక్కడా ఇక్కడా ఒకటే దారి పట్టారనిపించింది.

ఎలక్ట్రిక్ కార్లు పెరిగేకొద్దీ పెట్రోల్ పన్ను తగ్గిపోతుంది, ప్రభుత్వానికి ఆ టెన్షన్ ఉంది. అందుకే 2025 నవంబర్ బడ్జెట్‌లో, 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కారుకి మైలుకి 3 పెన్నీలు, పెట్రోల్‌తోనూ ఛార్జింగ్‌తోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి ఒకటిన్నర అని ప్రకటించారు. ఏడాదికి 8,000 మైళ్లు తిరిగితే 240 పౌండ్లు. మా ఫ్రెండ్స్ గ్రూపులో అందరూ దీన్ని తిడుతున్నారు, వచ్చే ఏడాది ఎలక్ట్రిక్ కొందామనుకుంటున్న మా ఆయనతో సహా. నాకు మాత్రం టోల్ కన్నా ఇదే నయం. ఊరి హద్దులు లేవు, నది లేదు, మధ్యలో కంపెనీ లాభం లేదు. ఎంత తిరిగావో అంత కట్టు. దీన్ని సరిగ్గా పెట్టి టన్నెళ్ల దగ్గర వసూళ్లు ఆపేస్తే నేను సంతోషంగా కడతాను. రెండూ ఉంచితే మాత్రం ఒప్పుకోను.

అలా ఉంచుతారేమోనన్న భయం ఊరికే రాలేదు. మా ఊరి పక్కనుంచే లోయర్ థేమ్స్ క్రాసింగ్ వస్తోంది. 2025 మార్చిలో అనుమతి ఇచ్చారు. కెంట్ నుంచి నది కిందుగా థరాక్‌కి టన్నెల్, పొడవు 4 కిలోమీటర్ల పైనే. మొదటి పనులకి ప్రభుత్వం డబ్బు, తర్వాత ప్రైవేటు పెట్టుబడి. డార్ట్‌ఫర్డ్ లాగే దానికీ ఛార్జీ ఉంటుందంటున్నారు. టన్నెల్ కావాలి, ఈ లైన్‌లో నిలబడిన ఎవరైనా వద్దనరు. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టేముందే, పెట్టుబడి ఎంత, అది ఎప్పటికి తీరుతుంది, తీరిన మర్నాడు ఛార్జీ పోతుందా అన్నది చట్టంలో రాయాలి. 1991 వంతెనకి అప్పు తీరేదాకానే అన్నారు, తీరాక మాట మార్చడానికి దారి కూడా వాళ్లే వెతుక్కున్నారు.

మా ఎంపీకి ఉత్తరం రాశాను. అందులో రెండే ప్రశ్నలు అడిగాను. కొత్త టన్నెల్‌కి ఛార్జీ ఏ తేదీతో ఆగుతుంది? అది తెరిచి ట్రాఫిక్ తగ్గాక డార్ట్‌ఫర్డ్ ఛార్జీ ఎందుకు ఉండాలి? మన వాళ్లు కెంట్‌లో, ఎసెక్స్‌లో ఎంతోమంది ఉన్నారు. ఓటు హక్కు మన దగ్గరుంది, భారత పౌరులం కూడా కామన్వెల్త్ కింద ఇక్కడ ఓటు వేయొచ్చు, పేరు నమోదు చేసుకుంటే చాలు. మీ ఎంపీని కూడా ఇవే రెండు ప్రశ్నలు అడగండి. నాకు జవాబు వస్తే, ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడే చదివి వినిపిస్తాను.