ప్రాగ్‌కు వెళ్తే మే నెలలో వెళ్లండి

శ్రోతలకు నమస్కారం.

చెక్ రాజధాని ప్రాగ్‌కు ఎప్పుడు వెళ్లాలని ఎవరైనా అడిగితే, మే మొదటి రెండు వారాల్లో అంటాను. క్యాలెండర్ ప్రకారం వసంతం మార్చిలోనే వస్తుంది. చెక్ పల్లె సామెత మాత్రం ఒప్పుకోదు. మార్చిలో పొయ్యి వెనక దూరతాం, ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంటాం, మేలో మేకల్ని తోపుకి తోలతాం అంటుందది.

మే ఒకటి అక్కడా కార్మికుల సెలవే. కానీ జనం దాన్ని ప్రేమికుల రోజుగానే జరుపుకుంటారు. ఆ రోజు పూసిన చెట్టు కింద ముద్దు దక్కని ఆడపిల్ల ఏడాదిలో ఎండిపోతుందని పాత నమ్మకం. అందుకే పెట్రిన్ కొండ మీది పండ్లతోటలన్నీ జంటలతో నిండిపోతాయి, తల నెరిసిన దంపతులతో సహా. చెర్రీ పూలు అప్పటికే రాలిపోయాయా? ఆపిల్ చెట్టుతో సర్దుకుంటారు! కొండమీదున్న ప్రేమకవి మాఖా విగ్రహం దగ్గర పూలు పెడతారు.

కొండ దిగితే వల్తావా నది, దాని మీద చార్లెస్ వంతెన. నాలుగో చార్లెస్ చక్రవర్తి కాలంలో, 1357లో మొదలుపెట్టిన రాతి కట్టడం. పొడవు 516 మీటర్లు, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. మధ్యాహ్నం వెళ్తే జాతరే. మేలో ఐదున్నరకే వెలుతురు వస్తుంది కాబట్టి నిద్ర మానుకోండి. 1410 నాటి ఖగోళ గడియారం దగ్గర గంట కొట్టేదాకా మెడ ఎత్తి నిలబడటం నాకైతే దండగ అనిపిస్తుంది.

దాని బదులు వెన్సెస్లాస్ కూడలి పైచివరకు వెళ్లండి. మ్యూజియం పక్కన మొదలయ్యే వినోహ్రాద్‌స్కా వీధిలో కాస్త నడిస్తే చెక్ రేడియో భవనం. టూరిస్టులు అటు రారు. రేడియోలో మాట్లాడుతూ దాని సంగతి చెప్పకపోతే బాగుండదు. జర్మన్ ఆక్రమణలో ప్రకటనలు జర్మన్‌లోనూ చెప్పి తీరాలి. 1945 మే 5న అనౌన్సర్ జర్మన్ వదిలేసి చెక్‌లోనే మాట్లాడారు. కాసేపటికి భవనం కోసం కాల్పులు మొదలయ్యాయి. ఆదుకోండి, రండి అని రేడియోలోనే పిలుపిచ్చారు. నగరమంతా తిరగబడింది. 1968లో అప్పటి కమ్యూనిస్టు పార్టీ నేత దూబ్చెక్ తెచ్చిన సంస్కరణల కాలాన్ని ప్రపంచం ప్రాగ్ వసంతమని పిలిచింది. ఆగస్టులో సోవియట్ కూటమి ట్యాంకులు వచ్చినప్పుడు జనం మళ్లీ ఆ భవనం ముందే అడ్డుపడ్డారు. ఉద్యోగులు రహస్యంగా వేరే చోట్ల నుంచి ప్రసారాలు సాగించారు. ప్రాణాలు పోయినవారి జ్ఞాపకంగా అక్కడ ఫలకాలున్నాయి.

ఇక మే 12 స్వరకర్త స్మెతనా వర్ధంతి. 1946లో పుట్టిన ప్రాగ్ వసంత సంగీతోత్సవం ఏటా ఆ తేదీనే మొదలవుతుంది. ఆరంభ కచేరీలో వాయించేది ఆయన 'నా దేశం' అనే ఆరు భాగాల కృతి. అందులో ఎక్కువ భాగం ఆయన చెవులు పూర్తిగా వినపడకుండా పోయాక రాసిందే. రెండో భాగం వల్తావా నది మీదే. ఉత్సవం తొలినాళ్లలో వాద్యబృందాన్ని నడిపించిన సారథుల్లో ఒకరైన రఫాయెల్ కూబెలిక్, 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి రాగానే దేశం విడిచారు. ఆ పాలన కూలాక, 1990 మేలో తిరిగొచ్చి ఆ కృతికి సారథ్యం వహించారు. ఆనాటి రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. కచేరీ టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి కనీసం దాన్నైనా విని బయల్దేరండి.