చూస్తున్నారని తెలిస్తే నడక మారిపోతుంది

అందరికీ నమస్కారం. ఇందాక ఆ తలుపు దగ్గర్నుంచి ఈ మైకు దాకా నడిచొస్తుంటే మీరంతా నన్నే చూశారు. నిజం చెప్పాలంటే అది నా మామూలు నడక కాదు. నడకను కొలిచే ల్యాబ్‌లో మాకు రోజూ ఉండే తలనొప్పి కూడా ఇదే.

నడుము, మోకాలు, చీలమండ దగ్గర ఎముక చేతికి తగిలే చోటు వెతికి, గోలీకాయంత మెరిసే బంతుల్ని టేపుతో అంటిస్తాం. చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వాటిని సెకనుకు 100 సార్లో, అంతకన్నా ఎక్కువో పట్టుకుంటాయి. చెమట పడితే బంతి ఊడిపోతుంది. ఊడకపోయినా తొడ మీద చర్మం కదులుతుంది, దాని కింద ఎముక కదలిక వేరేగా ఉంటుంది. 1890ల్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు ఇదే పనికి మనిషి ఒంటికి వెలిగే గాజు గొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి ఫొటోలు తీశారు. వాళ్ళతో పోలిస్తే మా టేపు కష్టాలు ఏపాటి!

నేలలో ఫోర్స్ ప్లేటు ఉంటుంది. పాదం దాన్ని ఎంత బలంగా, ఎటు నెట్టిందో చెబుతుంది. ఆ గ్రాఫులో రెండు మూపురాలు వస్తాయి. మడమ ఆనించి బరువు మోపేటప్పుడు ఒకటి, వేళ్ళతో నేలను వెనక్కి తన్నేటప్పుడు ఇంకొకటి. మామూలు వేగంతో నడిచే 60 కిలోల మనిషికి మూపురం దగ్గర 66 కిలోలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. మధ్య పల్లంలో మాత్రం 45 దగ్గరికి పడిపోతుంది. ఆ 15 కిలోలు ఎక్కడికి పోయాయి? చుట్టూ గుండ్రటి చట్రం లేకుండా ఆకుల మీదే, అంటే ఊచల మీదే దొర్లే బండి చక్రాన్ని ఊహించుకోండి. ఒక్కో ఆకు మీదుగా ఇరుసు పైకి లేచి కిందికి దిగుతుంది. మన ఒళ్ళూ అంతే, నిలబడ్డ కాలి మీదుగా నాలుగైదు సెంటీమీటర్లు లేచి అవతలికి ఒరుగుతుంది. ఆ మలుపు దగ్గర నేల మీద బరువు తగ్గుతుంది.

ఒక పాదం నేల తాకినప్పట్నుంచి అదే పాదం మళ్ళీ తాకేదాకా ఉన్న సమయంలో దాదాపు 60 శాతం అది నేల మీదే ఉంటుంది. నెమ్మదిగా నడిస్తే ఇది పెరుగుతుంది, మూపురాలు చదునవుతాయి. అందుకే వేగం రాయకుండా ఇద్దరి నడకల్ని పోల్చడం శుద్ధ దండగ అంటాను.

ప్లేటు ఎక్కడుందో ముందే చెబితే దాని మీద పడాలని చివరి అడుగు సాగదీస్తారు. అందుకని చెప్పం. ఎదుటి గోడ చూస్తూ నడవమంటాం. పాదం సగమే పడితే బయల్దేరే గీతను జానెడు వెనక్కి జరుపుతాం.

ఒక కుర్రాడు ఎన్నిసార్లు నడిపించినా ఎన్‌సీసీ పరేడ్‌లాగే నడిచాడు. ఇక లాభం లేదనుకుని, "అయిపోయింది తమ్ముడూ, టీ తాగుదాం రా" అన్నాను. కెమెరాలు ఆపడం మర్చిపోయాం. అతను భుజాలు వదిలేసి ఫ్లాస్కు వైపు కదిలాడు. పాదం నిండుగా ప్లేటు మీద పడింది. అతన్ని అడిగి, సరేనన్నాకే ఆ అడుగు దాచుకున్నాం. ఆ రోజు మొత్తానికి పనికొచ్చింది అదొక్కటే.