తొలి మూడు వారాలకు ఒక జోడి

శ్రోతలకు నమస్కారం.

నరాల నొప్పి ఉన్నవాళ్లకు ఒంటి మీద చూపించడానికి ఏమీ ఉండదు. కట్టు ఉండదు, వాపు ఉండదు, ఎక్స్‌రేలో ఎముక చక్కగానే ఉంటుంది. పగలంతా చేను పని చేసుకున్న మనిషికి రాత్రి పండుకునే సరికి అరికాళ్లలో మంట లేస్తుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేదు. ఇంట్లోవాళ్లు చూస్తే కాలు మామూలుగానే ఉంటుంది. "పొద్దుగాల మంచిగనే ఉంటివి గద" అంటారు. వాళ్లకు కనపడింది అదే, వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ మాట పదే పదే విన్న మనిషి కొన్నాళ్లకు నొప్పి అని చెప్పడమే మానేస్తుంది.

ఈ నొప్పి ఎందుకు వస్తుందో క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. దెబ్బ తగిలితే వచ్చే నొప్పి వేరు. ఇక్కడ నొప్పి కబురు మోసే నరమే చెడిపోయి, ఏమీ తగలకపోయినా మంట అనో షాకు కొట్టినట్టు అనో కబురు పంపుతుంటుంది. చాలామందికి షుగరు వల్ల వస్తుంది. సర్పి తగ్గిన తర్వాత అదే చోట నెలల తరబడి మిగిలిపోతుంది. అందుకే సర్పి పొక్కులు కనపడగానే, 72 గంటల్లోపు డాక్టరుకు చూపించుకోవాలి. కుష్ఠు వల్ల, క్యాన్సరు మందుల వల్ల, నడుములో నరం నొక్కుకుపోవడం వల్ల, ఏండ్ల తరబడి తాగుడు వల్ల, బీ12 తగ్గడం వల్ల కూడా వస్తుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏండ్లుగా వాడుతున్నవాళ్లు ఆ బీ12 ఒకసారి చూపించుకోవాలి.

నల్గొండ జిల్లాకు ఇంకో కారణం ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఏండ్లకేండ్లు బోరు నీళ్లు తాగినవాళ్లలో ఫ్లోరైడు చేరి, వెన్నెముకలో ఎముక పెరిగి, నరాలు బయటికి వచ్చే దారి ఇరుకవుతుంది. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా వచ్చింది, కానీ పెరిగిన ఎముక వెనక్కి పోదు. వాళ్లకు నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతుంటే, గుంపులో కూర్చోవడం కంటే ముందు న్యూరో డాక్టరుకు చూపించుకోవడం అవసరం.

ఇక అసలు సంగతి. ఒకే రకం నొప్పి ఉన్నవాళ్లు చిన్న గుంపుగా కలుసుకోవడం, ఒకరికొకరు తోడుగా ఉండడం. డాక్టరు పది నిమిషాలు చూస్తారు, మిగిలిన నెల మనమే గడపాలి. ఆ నెలలో కూడా అన్నిటికంటే గండం కొత్త గోలి మొదలుపెట్టిన తొలి మూడు వారాలు. ఈ రోజు ఆ మూడు వారాల గురించే చెప్తాను.

ఒకామెను అనుకుందాం. యాభై దాటింది, పత్తి ఏరే పని. షుగరు పదేండ్ల నుంచి ఉంది, అరికాళ్ల మంటకు రెండేండ్లు. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ మొదలు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు ఎగబాకుతుంది. మామూలు నొప్పి గోలీ డైక్లోఫెనాక్ అయితే నరం నొప్పి మీద పెద్దగా పనిచేయదు, వాడగా వాడగా కిడ్నీ దెబ్బతింటుంది. చివరికి పెద్ద దవాఖానకు పోతే డాక్టరు రాత్రి పూట వేసుకోమని నరాల నొప్పికి కూడా ఇచ్చే అమిట్రిప్టిలిన్ గోలి 10 మిల్లీగ్రాములు రాసిచ్చారు.

ఇంటికి వచ్చింది. పనులన్నీ అయి రాత్రి పదకొండుకు వేసుకుంది. తెల్లారి అయిదుకు లేస్తే తల బరువు, నోరు ఎండుకపోయింది, నడుస్తుంటే తూలింది. నొప్పి ఇంచు కూడా తగ్గలేదు. రెండో రోజు అంతే. మూడో రోజు మందుల షాపాయన, "ఇది మనసు బాగలేనోళ్లకు ఇచ్చే గోలి గదమ్మా" అన్నాడు. నాలుగో రోజు మానేసింది. ఆరో రోజు మళ్లీ సూది.

ఇందులో ఆమె తప్పు లేదు. ఈ గోలీల తీరే అది. మత్తు మొదటి రాత్రే వస్తుంది, ఉపశమనం రెండు మూడు వారాలకు వస్తుంది. నష్టం ముందు, లాభం వెనక. మధ్యలో ఉన్న ఆ మూడు వారాలు ఎవరూ ఒంటరిగా దాటలేరని అనను, కానీ చాలామంది దాటరు.

ఇప్పుడు అదే ఆమెకు గుంపులో ఒక జోడి ఉందనుకుందాం. జోడి అంటే ఇంతకు ముందే ఆ మూడు వారాలు దాటిన మనిషి. రోజూ సాయంత్రం ఏడుకు ఫోన్ చేస్తుంది. రెండు నిమిషాలు, అంతకంటే వద్దు.

"అక్కా, గోలి ఏసుకున్నవా?"

"ఇంకా లేదు. బోళ్లు తోమి ఏసుకుంట."

"ఇప్పుడే ఏసుకో. ఆలస్యం జేస్తే తెల్లారి మత్తు దిగది. నీళ్లు పక్కన పెట్టుకో, లేవంగనే లేసి నిలబడకు, మంచం మీద కొంచెంసేపు కూసోని లే."

చూడండి, ఇందులో వైద్యం ఏమీ లేదు. డాక్టరు రాసిన గోలీని డాక్టరు చెప్పిన రాత్రి పూటే, కాస్త ముందుగా, ఏడు ఎనిమిది మధ్యలో వేసుకోమనడమే. అంతమాత్రానికే తెల్లారి తల బరువు బాగా తగ్గుతుంది. నాలుగో రోజు ఆమె "నేను మానేస్త" అంటే జోడి, "నాకు గూడ గట్లనే అయింది. వారం పదొద్దులల్ల ఆ తూలుడు తగ్గింది" అంటుంది. డాక్టరు ఈ మాట చెప్పే ఉంటారు. కానీ ఆ తూలుడు అనుభవించిన మనిషి చెప్తే చెవికెక్కుతుంది.

మొదటి వారం బండి నడపొద్దు, రాత్రి పూట బోరు స్టార్టరు దగ్గరికి పోవద్దు. గీత పని వాళ్లయితే మొదటి వారం చెట్టెక్కొద్దు. మలబద్ధకం రావచ్చు, రెండో వారం నీళ్లు, ఆకుకూర పెంచాలి. ఆ వారంలోనే డాక్టరు మోతాదు పెంచవచ్చు, పెంచితే రెండు మూడు రోజులు మళ్లీ మత్తుగా ఉంటుంది, భయపడొద్దు. మూడో వారంలో ఒక రాత్రి తెల్లవారుజామున నాలుగు దాకా మెలకువ రాకపోవచ్చు. నొప్పి పదిలో ఎనిమిది ఉన్నది అయిదుకు రావచ్చు. సున్నాకు రాదు. సగం తగ్గితే చాలా మంచి ఫలితం కింద లెక్క. ఇది మొదటి రోజే చెప్పాలి, లేకపోతే అయిదు దగ్గర ఆగిందని కూడా మానేస్తారు. సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా ఏమీ మారకపోతే ఆ గోలి ఆమెకు సరిపడలేదన్నట్టు. డాక్టరు వేరేది మారుస్తారు. ఒక్క గోలీయే అందరికీ పనిచేయదు.

నరాల నొప్పికే ఇచ్చే వేరే గోలీలు ప్రెగబాలిన్, గాబాపెంటిన్ ఇచ్చినా మూడు వారాల లెక్క దాదాపు ఇంతే. వాటితో కాళ్ల వాపు, బరువు పెరగడం రావచ్చు. డ్యులాక్సెటిన్ అయితే మొదటి వారం కడుపులో తిప్పుతుంది, బువ్వ తిన్నాక వేసుకోవాలి. వీటిలో ఏదైనా నెలల తరబడి వాడాక ఒక్క రోజులో ఆపేయొద్దు. ప్రెగబాలిన్ ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, కొందరికి ఫిట్సు కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా దించాలి.

జోడి ఫోన్లో విన్న వెంటనే "రేపు కాదు, ఇప్పుడే దవాఖానకు పో" అనాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. మూత్రం బందయింది అంటే, ముఖ్యంగా ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దమనుషులు. కన్ను ఎర్రబడి నొప్పితో చూపు మసకైంది అంటే. ముఖం నరం నొప్పికి ఇచ్చే కార్బమాజెపిన్ వేసుకున్నవాళ్లు ఒంటి మీద దద్దు వచ్చింది అంటే, ఇక్కడ మాత్రం గోలి వెంటనే ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లు మూత్రం, దొడ్డికి పట్టు తప్పింది అన్నా, కూర్చునే చోట స్పర్శ పోయింది అన్నా 108కు చేయాల్సిందే. "బతకాలని లేదు" అంటే ఫోన్ పెట్టేయొద్దు. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టి, 14416కు కలపాలి. అది టెలీ మానస్, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. కల్లు. మన పాలమూరు దిక్కు కల్లులో మత్తుమందు కలిపే సంగతి అందరికీ ఎరుకే. అల్ప్రాజోలం, డైజిపాం లాంటివి. ఆ కల్లు మీద ప్రెగబాలినో అమిట్రిప్టిలినో పడితే మత్తు రెండింతలై, నిద్రలోనే ఊపిరి మందగించవచ్చు. అట్లని రోజూ కల్లు తాగే మనిషిని ఒక్కసారిగా బంద్ చేయమని చెప్పడమూ ప్రమాదమే, వణుకు, ఫిట్సు వస్తాయి. ఈ సంగతి గుంపులో అందరి ముందు అడగకండి, జోడి విడిగా అడగాలి, డాక్టరుకు చెప్పమనాలి. నా మటుకు, జోడి ఉండాల్సిన పెద్ద కారణం ఇదే. డాక్టరు అడిగితే "తాగ" అంటారు, పక్క ఊరి వదినకు నిజం చెప్తారు.

గుంపు కట్టడం పెద్ద పని కాదు. మహిళా సంఘం నడిపిన ఊర్లకు అది నేర్పక్కరలేదు. ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. పదిమంది దాటితే గంటలో అందరికీ మాట రాదు. ఏఎన్ఎమ్మ బీపీ, షుగరు గోలీలు ఇచ్చే రోజే పెట్టుకుంటే ఎవరూ వేరే రోజు పని మానక్కరలేదు. కింద చాపలు వేయకండి, నడుము పట్టినవాళ్లు లేవలేరు. బడిలో కుర్చీలు అడగండి. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, గడియారం చూసే పని ఒకరిది, ఆ పని ప్రతిసారీ మారాలి. గుంపులు ఎందుకు ఆగిపోతాయంటే అంతా ఒక్కరి మీదే పడుతుంది కాబట్టి, ఆ ఒక్కరికి నొప్పి ఎక్కువైన నెల గుంపు కూడా ఆగుతుంది. కాబట్టి ఇద్దరు పెద్దలుండాలి.

బొంబాయి, పూణె పనికి పోయినవాళ్లు ఆ గంట ఫోన్లో కలవచ్చు. ఫోన్ స్పీకర్ పెట్టి కుర్చీ మీద పెడితే సరి.

గుంపులో ఒకే కట్టుబాటు పెట్టుకుంటే చాలు. మీ గోలీ పక్కవాళ్లకు ఇవ్వొద్దు. మళ్లీ చెప్తున్నాను, మీ గోలీ పక్కవాళ్లకు ఇవ్వొద్దు. మీకు 75 మిల్లీగ్రాముల ప్రెగబాలిన్ సరిపోయినా, కిడ్నీ బాగలేని పక్కామెకు అదే ఎక్కువ అవుతుంది. గోలీ మీద మాట్లాడకుండా మిగిలిన ఉపాయాలు ఎన్నయినా పంచుకోండి. దుప్పటి తగలకుండా కాళ్ల మీద అట్టపెట్టె బోర్లించి దాని మీద కప్పుకోవడం, మంట లేచినప్పుడు మామూలు చల్లనీళ్లలో పది నిమిషాలు కాళ్లు పెట్టి వేళ్ల సందులు తుడుచుకోవడం. ఐసు వద్దు, వేడినీళ్లు అసలే వద్దు. స్పర్శ తగ్గిన కాలు కాలినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

"నీకంటే నాకే ఎక్కువ" అనే పోటీ మొదలైతే గడియారం మనిషి ఆపాలి. నరాల నూనె, మర్దన మిషను అమ్మేవాళ్లు రెండో నెలకు ఎట్లాగూ వాసన పట్టి వస్తారు. కూర్చోనివ్వకండి. కొడుకో కోడలో వస్తే చివరి పది నిమిషాలకు రమ్మనండి, లేకపోతే ఆమె బదులు వాళ్లే మాట్లాడతారు.

మూడు వారాలు దాటాక డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు జోడి కూర్చుని ఒక కాగితం రాయాలి. ఒక్క పేజీ. నొప్పి ఎక్కడ, మంటా, షాకా, తిమ్మిరా, చీమలు పాకినట్టా. రోజులో ఎప్పుడు ఎక్కువ. గోలీ మొదలుపెట్టిన రోజు పదిలో ఎంత, ఇప్పుడు ఎంత. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. ఏ గోలీ, ఎంత, ఎన్ని రోజులు మానేశారు. మానేసినవి దాచకుండా రాయండి, మందు పనిచేయలేదా, వేసుకోలేదా అన్నది డాక్టరుకు తేలాలి. షుగరు గోలీలు, బీపీ గోలీలు, ఆకుమందు ఏమన్నా వాడితే అవీ రాయండి. పై మూలన మొన్న చేసిన రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉందో ఆ అంకె, తేదీ వేయండి. ప్రెగబాలిన్, గాబాపెంటిన్ మోతాదు కిడ్నీ పనితీరును బట్టి మారుతుంది, ఆ అంకె లేకపోతే డాక్టరు మళ్లీ రక్తం తీయమంటారు, ఇంకో రోజు కూలీ పోతుంది.

సెలవు. నమస్కారం.