తెర మీద చివరి లైను చదవండి సార్

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్ళీ చదవను. సెప్టెంబరు మూడో శనివారం, సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం కదా, పాత కంప్యూటర్లకి ఏ లినక్స్, అదే విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్, మంచిదో చెప్పమన్నారు. పప్పీ, యాంటిఎక్స్, టైనీ కోర్, అన్నీ మంచివే. అయిపోయింది. ఇక నా బాధ వినండి.

మా వైపు ఒక స్కూలుకి ఎవరో పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు, పెంటియమ్ ఎం చిప్పువి. అక్కడి కంప్యూటర్ సారు ఒక లైవ్ సీడీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే సీడీ, పెట్టారు, రాలేదు. ఇంకోటి పెట్టారు, రాలేదు. బల్ల మీద సీడీలు గుట్ట పడ్డాయి గానీ ఒక్కటీ బూట్ కాలేదని, "ఇవి పనికిరావండీ" అంటూ పాత సామాన్లవాడికి తూకానికి వేసేశారు. అటెండరు ఇంటికి పట్టుకెళ్ళినది ఒక్కటే మిగిలింది. అందులో ఆ గుట్టలోదే ఒక సీడీ పెట్టి చూశాను. నల్ల తెర మీద తెల్లక్షరాలతో రాసుంది: ఈ కెర్నల్‌కి పీఏఈ కావాలి, ఈ ప్రాసెసర్‌లో అది లేదు అని. కెర్నల్ అంటే లినక్స్ గుండెకాయ, పీఏఈ అంటే ఎక్కువ మెమరీ వాడుకునే ప్రాసెసర్ సదుపాయం. అంత స్పష్టంగా ఉంటే ఎవరూ చదవలేదు!

తమాషా ఏంటంటే, ఆ చిప్పుల్లో పీఏఈ ఉంటుంది, ఉన్నట్టు బయటికి చెప్పదంతే. అందుకే 2014 నుంచి కెర్నల్‌లో ఒక ఏర్పాటు పెట్టారు. బూట్ మెనూలో ట్యాబ్ కొట్టి, ఆ లైను చివర ఫోర్స్‌పీఏఈ (forcepae) అని చేర్చి ఎంటర్ కొట్టాలి. కొట్టాను, డెస్క్‌టాప్ వచ్చేసింది. మిగతావన్నీ అప్పటికే తుక్కు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మనవాళ్ళు వెంటనే డిస్కు మార్చేస్తారు. బాబూ, వెనక బెంచీలో నవ్వుతున్నావే, నువ్వూ ఐఎస్ఓ ఫైలుని, అదే సీడీ మొత్తం ఒకే ఫైలుగా ఉండేదాన్ని, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేసి బూట్ కాలేదన్న బాపతేనా? దాన్ని రూఫస్ లాంటి ప్రోగ్రాంతో రాయాలి నాయనా. మెనూ వచ్చాక తెర నల్లబడి కర్సర్ మిణుకుమంటుంటే ఎక్కువసార్లు గ్రాఫిక్స్ గొడవే, నోమోడ్‌సెట్ (nomodeset) అని అదే లైను చివర చేర్చి చూడండి. పప్పీ తన ఎస్ఎఫ్ఎస్ ఫైలు, అంటే సిస్టమ్ అంతా కుక్కిన ఫైలు, దొరకలేదని ఆగిపోయిందంటే, కెర్నల్ లేచింది గానీ మిగతాది డిస్కు మీంచి చదవలేకపోతోందని. అప్పుడు డౌన్‌లోడ్ చెక్‌సమ్ (ఫైలు చెడిపోకుండా దిగిందో తేల్చే అంకెలు) సరిచూసి, తక్కువ స్పీడులో మళ్ళీ బర్న్ చేయండి, డ్రైవ్ లెన్స్ మీద దుమ్ము కూడా చూడండి. కొత్త మిషన్లలో అయితే ముందు సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని సిస్టమ్‌ని లేవనీయని సెట్టింగు, తీసి చూడాలి. పెంటియమ్ ఎం లాంటి 32 బిట్ ప్రాసెసర్‌లో 64 బిట్ డిస్కు పెడితే ఆ మాటే తెర మీద పడుతుంది. చదవండి, చదవండి అంటున్నది అందుకే!

డ్యామ్ స్మాల్ లినక్స్ అని ఉండేది, మొత్తం 50 ఎంబీ, విజిటింగ్ కార్డు సైజు సీడీలో పట్టేది. 2024లో మళ్ళీ వచ్చింది, ఇప్పుడు నిండు సీడీ కావాలి. 2025లో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌లో 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. అంటే ఇలాంటి పాత మిషన్లకి దారులు మూసుకుపోతున్నాయి, ఇంట్లో ఉన్నవి ఇప్పుడే బయటికి తీయండి, తూకానికి వేయకండి.

టైమైందని చీటీ పంపారు. మీరు తెచ్చిన ల్యాప్‌టాప్‌లు పక్క గదిలో పెట్టండి, ప్లగ్ పాయింట్లు రెండే ఉన్నాయి కాబట్టి వంతులవారీగా చూద్దాం. ఎర్రర్ వస్తే ముందు ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ తర్వాతే నన్ను పిలవండి.