రెండు గదులకు స్ప్లిట్ ఏసీ మనమే బిగించుకోవచ్చా? ఒక హనుమకొండ ఇంటి లెక్క

నమస్కారం. హనుమకొండ కుమార్‌పల్లి నుంచి ఒక ప్రేక్షకుడు పంపిన ప్రశ్నకు ఈ వీడియోలో సమాధానం చెబుతాను. వారి ఇంటి మొదటి అంతస్తులో రెండు పడక గదులున్నాయి, వాటి పైన నేరుగా స్లాబే. అమెరికాలో ఉంటున్న వారి బావమరిది, చలికాలంలో వేడిని, ఎండాకాలంలో చల్లదనాన్ని ఇచ్చే హీట్ పంప్‌ను మెకానిక్‌ను పిలవకుండా తన ఇంట్లో రెండు గదులకు తానే బిగించుకున్నారట. ఇక్కడ దొరికే హాట్ అండ్ కోల్డ్ స్ప్లిట్ ఏసీలు కొని తాను కూడా అలాగే చేసుకోవచ్చా, చేసుకుంటే మిగిలేది ఎంత అని వారు అడుగుతున్నారు.

ముందుగా యంత్రం సంగతి చూద్దాం. మన ఇళ్లలో ఉన్న స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. అదే యంత్రానికి గ్యాస్ దారిని తిప్పే వాల్వు ఒకటి చేర్చితే, బయటి గాలిలోని వేడిని లాగి గదిలోకి తెస్తుంది. దానినే హీట్ పంప్ అంటారు, మన షోరూముల్లో హాట్ అండ్ కోల్డ్ అని అమ్ముతారు. మామూలు రూమ్ హీటరు ఒక యూనిట్ కరెంటు తింటే ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. హీట్ పంప్ మన చలికి అదే యూనిట్‌తో దాదాపు మూడు యూనిట్ల వేడిని ఇవ్వగలదు. అయితే వరంగల్‌లో చలి రాత్రులు ఎన్ని? డిసెంబరు, జనవరిలో ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది, చలిగాలులు వీచిన కొన్నాళ్లు మాత్రమే 10 వైపు దిగుతుంది. ఆ కొన్ని రాత్రుల కోసం ఎక్కువ ధర పెట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు. ఆదిలాబాద్, ఉట్నూరు, సిర్పూర్ వైపు ఉండేవారి విషయం వేరు. అక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా చూస్తున్నాం. ఇంట్లో వృద్ధులో, పసిపిల్లలో ఉంటే, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకోవడం కంటే హీట్ పంప్ ఎన్నో రెట్లు క్షేమం.

ఇక అమెరికా బావమరిది చేసిన పని ఇక్కడ ఎందుకు అంత తేలిక కాదో చెబుతాను. అక్కడ సొంతంగా బిగించుకునేవారి కోసమే తయారుచేసిన కిట్లలో, కాపర్ పైపులు ముందుగానే గాలి తీసి, గ్యాస్ నింపి, కొసలు మూసి వస్తాయి. నట్టు బిగించినప్పుడు లోపలి సీలు తెరుచుకుని గ్యాస్ కలుస్తుంది. అక్కడి చట్టం ప్రకారం రిఫ్రిజిరెంట్ గ్యాస్‌తో పని చేసేవారికి సర్టిఫికెట్ ఉండాలి కాబట్టి, ఇంటి యజమాని గ్యాస్ జోలికి పోనవసరం లేకుండా ఆ ఏర్పాటు చేశారు. దానికీ ఒక ఇబ్బంది ఉంది. ఆ పైపును కోయకూడదు కనుక, ఎక్కువైన పొడవును చుట్టగా చుట్టి గోడ వెనక ఎక్కడో దాచుకోవాలి. మన దగ్గర మామూలుగా అమ్ముడుపోయే స్ప్లిట్ ఏసీలో గ్యాస్ అంతా అవుట్‌డోర్ యూనిట్‌లో బంధించి ఉంటుంది. ఇన్‌డోర్‌కూ అవుట్‌డోర్‌కూ నడుమ వేసే పైపులు ఖాళీగా, అంటే గాలితోనూ తేమతోనూ నిండి వస్తాయి. ఆ గాలినీ తేమనూ తీయడమే ఈ పనిలో అసలు కష్టం.

ఈ భాగాన్ని కాస్త నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఏసీ పదేళ్లు పనిచేస్తుందా, రెండో ఎండాకాలానికే మూలన పడుతుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఇప్పటి ఏసీలలో ఎక్కువగా ఆర్-32 గ్యాస్ వాడుతున్నారు, దానితోపాటు కంప్రెసర్‌లో తిరిగే నూనెకు తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ కలిసిన ఆ నూనె క్రమంగా ఆమ్లంగా మారి, కంప్రెసర్ మోటారు వైండింగు మీది పూతను తినేస్తుంది. లోపల మిగిలిపోయిన గాలి గ్యాస్‌లాగా ద్రవంగా మారదు కాబట్టి, ప్రెజర్ పెరిగి, కరెంటు ఎక్కువ కాలుతుంది. మొదటి రోజు గది చల్లబడుతూనే ఉంటుంది కనుక ఇవేవీ ఎవరికీ కనబడవు.

పైపు కొసను చూడండి. ఒక టన్ను ఏసీకి సాధారణంగా పావు అంగుళం పైపు ఒకటి, దానికంటే లావుగా ఉండే పైపు ఇంకొకటి వస్తాయి. కట్టరుతో నిటారుగా కోసిన తరువాత లోపలి అంచున సన్నని రాగి పొర మిగులుతుంది. దానిని గీకేటప్పుడు పైపు కొసను నేలవైపు వంచి పట్టుకోవాలి, లేకపోతే ఆ రజను లోపలికి జారి నేరుగా కంప్రెసర్‌కు చేరుతుంది. తరువాత నట్టును ముందుగా పైపులోకి ఎక్కించి, అప్పుడు ఫ్లేరింగ్ టూలుతో కొసను గన్నేరు పువ్వు మూతిలా విప్పాలి. ఆ విప్పిన అంచు మీద వేలితో తడిమితే ఎక్కడా గీత తగలకూడదు, వెలుతురులో తిప్పి చూస్తే చుట్టూ ఒకే వెడల్పు, ఒకే మెరుపు కనబడాలి. ఒకవైపు వెడల్పు తగ్గినా, చిన్న పగులు ఉన్నా, దానిని కోసి పారేసి మళ్లీ చేయాల్సిందే. బిగింపుకు కూడా కొలత ఉంది: పావు అంగుళం నట్టుకు దాదాపు 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం నట్టుకు 50 పైచిలుకు. బలం కొద్దీ బిగిస్తే రాగి పలచబడి పగులుతుంది, తక్కువైతే గ్యాస్ కారుతుంది.

ఆ తరువాత లోపలి గాలినీ తేమనూ లాగేసే వ్యాక్యూమ్ పంపు తగిలించి 20, 30 నిమిషాలు నడపాలి. లోపల మిగిలిన ప్రెజర్‌ను సూక్ష్మంగా కొలిచే మైక్రాన్ గేజ్ ఉంటే 500 మైక్రాన్ల లోపుకు దిగాలి. ఆపై పంపు ఆపి, వాల్వు మూసి, కనీసం పది నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూడాలి. మామూలు ముల్లు గేజ్ మైనస్ 30 అంగుళాల దగ్గరికి త్వరగానే చేరుతుంది, అంతమాత్రాన తేమ పోయినట్టు కాదు. కానీ నిలిచిన ముల్లు మళ్లీ పైకి లేచిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అంతా నిలిచిన తరువాతే అలెన్ కీతో అవుట్‌డోర్ వాల్వులు తెరవాలి. పంపు, గేజులు, ఫ్లేరింగ్ సెట్టు, బిగింపును కొలిచే టార్క్ రెంచి అన్నీ కొంటే, అయ్యే ఖర్చు రెండు గదులకు మెకానిక్ తీసుకునే కూలి కంటే చాలా ఎక్కువ. పైగా చాలా కంపెనీలు తమ మనిషి బిగించకపోతే వారంటీకి మెలిక పెడతాయి. మీ వారంటీ కార్డులో ఆ వాక్యాన్ని కొనకముందే చదువుకోండి. కూలి డబ్బు మిగుల్చుకోబోయి కంప్రెసర్ వారంటీ పోగొట్టుకుంటే అసలుకే ఎసరు వచ్చినట్టవుతుంది.

అయితే మెకానిక్‌ను పిలిచినంత మాత్రాన ఈ పని జరుగుతుందని నేను మాట ఇవ్వలేను, నన్ను బాధపెట్టే విషయం కూడా ఇదే. మే నెలలో రోజుకు నాలుగైదు ఇళ్లు తిరిగే కుర్రాళ్లు చాలామంది పంపు తీసుకురారు. ఒక నట్టును వదులుగా ఉంచి, అవుట్‌డోర్ వాల్వును కొద్దిగా తెరిచి, లోపలి గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసి, బుస్సుమని శబ్దం రాగానే నట్టు బిగించేస్తారు. పాత ఆర్-22 గ్యాస్ రోజుల నుంచి వచ్చిన అలవాటు అది. దానివల్ల తేమ పోదు, తూకం వేసి నింపిన గ్యాస్ తగ్గిపోతుంది. ఆర్-32 స్వల్పంగా మండే గుణం ఉన్న గ్యాస్, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు. మీరు కొన్నది ఆర్-290, అంటే ప్రొపేన్ వాడే ఏసీ అయితే, అది వంట గ్యాస్ జాతిది కాబట్టి ఈ పద్ధతి ప్రాణాంతకం. అందువల్ల నా సలహా ఏమిటంటే, ఫోనులో మాట్లాడేటప్పుడే వ్యాక్యూమ్ పంపు తెస్తారా అని అడగండి, పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడండి, గేజు ముల్లును ఫోటో తీసుకోండి. కూలి మరో మూడు వందలు ఎక్కువ అడిగినా సంతోషంగా ఇవ్వండి. నైట్రోజన్‌తో ప్రెజర్ పరీక్ష కూడా చేసే మెకానిక్ దొరికితే, ఆయన నంబరును భద్రంగా దాచుకోండి.

మిగతా పనిలో మీరు స్వయంగా చేయగలిగినది చాలా ఉంది, చేస్తే మెకానిక్‌కు తొందరపడే అవసరం తగ్గుతుంది. గోడకు రంధ్రాన్ని బయటివైపు కొద్దిగా వాలు ఉండేలా వేయించడం, నీటి పైపు ఎక్కడా పైకి లేవకుండా చూడడం, అవుట్‌డోర్‌కు చోటు నిర్ణయించడం మీ చేతిలోని పనులే. ఏసీ మీద రాసిన సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. మన మే నెలలో 43, 44 డిగ్రీల మధ్యాహ్నం, కాగిన స్లాబు మీద, మూడువైపులా గోడ ఉన్న మూలలో అవుట్‌డోర్‌ను పెడితే, తాను వదిలిన వేడిని తానే పీల్చుకుంటూ చాలా శక్తిని దానికే ఖర్చు చేస్తుంది. నీడ ఉండి, ముందు ఖాళీ ఉన్న చోటు చూడండి. నయీంనగర్ నాలా పరిసరాల్లో కింది అంతస్తులో ఉండేవారు 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తు తెచ్చుకుని, స్టాండును దానికి పైన బిగించుకోవాలి. కోతుల బెడద ఉన్న వాడల్లో పైపు మీది నల్లని స్పాంజి తొడుగు ఒక్క వారం కూడా నిలవదు, దాని మీద పీవీసీ పైపు తొడిగించండి.

ఒక్క పని మాత్రం దయచేసి మీరు చేయకండి. 30 కిలోల అవుట్‌డోర్‌ను పట్టుకుని మొదటి అంతస్తు సజ్జ మీదికి దిగకండి. ఆ సజ్జ రెండు మూడు అంగుళాల మందం మాత్రమే, అది యూనిట్‌నూ ఇద్దరు మనుషులనూ మోయడానికి కట్టింది కాదు. మెకానిక్‌ను కూడా తాడు, నడుముకు బెల్టు లేకుండా దిగనివ్వకండి.

కరెంటు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. ప్రతి ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. మట్టెవాడ, గిర్మాజీపేట పాత ఇళ్లలో ఎర్తింగ్ తీగ గోడలోనే తెగి ఉండడం అరుదేమీ కాదు, కొలిచి చూడమనండి. రెండు ఏసీలు పెడితే మీ మీటరుకు మంజూరైన లోడు చాలకపోవచ్చు, కరెంటు పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోండి.

ఇక రెండు గదుల లెక్క. ఒకే అవుట్‌డోర్‌కు రెండు ఇన్‌డోర్లు తగిలించే మల్టీ స్ప్లిట్లు ఉన్నాయి, గోడ బయట చోటు లేని అపార్టుమెంట్లకు అవి తగినవి. సొంత ఇల్లు ఉన్నవారికి నేను విడివిడిగా రెండు ఏసీలనే సూచిస్తాను. ఒకటి పాడైనా రెండో గది ఉంటుంది, విడి భాగాలు వరంగల్‌లోనే దొరుకుతాయి, రెండూ ఒకేసారి కొనాల్సిన అవసరం కూడా లేదు.

ఆ చివరి మాటకు కారణం కరెంటు బిల్లు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రికి 8 గంటల పాటు నడిచి సుమారు 5 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, నెలకు 150 యూనిట్లు. ఇప్పుడు మీ ఇంటి వాడకం 150 అనుకుందాం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ వినియోగ రేట్ల ప్రకారం, మొదటి 100 యూనిట్లకు 3.40, తరువాతి 50కి 4.80 చొప్పున 580 రూపాయలు. ఒక ఏసీ చేరి 300 యూనిట్లయితే, 200 దాటినందుకు మొదటి 200 యూనిట్లకూ 5.10 రేటు పడుతుంది, మిగతా 100కి 7.70. మొత్తం 1,790. రెండో ఏసీ కూడా నడిచి 450 యూనిట్లకు చేరితే 3,165. స్థిర చార్జీలు వీటికి అదనం. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి కింద సున్నా బిల్లు పొందుతున్న ఇంటికి ఇది ఇంకా పెద్ద దెబ్బ. 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది, అంటే మొదటి ఏసీ ఖరీదు ఆ నెలకు 1,790 రూపాయలు.

కాబట్టి కుమార్‌పల్లి ప్రేక్షకుడికి నేను చెప్పేది ఇది. ఈ మార్చిలో ముందుగా స్లాబుకు తెల్లని కూల్ రూఫ్ పూత వేయించండి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. తల్లిదండ్రులు పడుకునే గదికి చల్లదనం మాత్రమే ఇచ్చే ఒక టన్ను ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెట్టించండి, 24 డిగ్రీల దగ్గర ఉంచి సన్నగా ఫ్యాను వేయండి. బిగించిన రోజున, మెకానిక్ ఇంకా ఇంట్లో ఉండగానే, ప్రతి నట్టు మీద సబ్బు నీళ్లు వేయించి బుడగలు రావడం లేదని చూసుకోండి. ఇన్‌డోర్ ట్రేలో ఒక చెంబు నీళ్లు పోయించి అవి బయట పైపులోంచి ఆగకుండా పారుతున్నాయో లేదో చూడండి. పావుగంట నడిచిన తరువాత ఇన్‌డోర్ యూనిట్ లోపలికి పోయే గాలికీ దానినుంచి బయటికి వచ్చే గాలికీ మధ్య తేడాను థర్మామీటరుతో కొలవండి. 10 డిగ్రీల అటూఇటూగా తేడా ఉంటే కూలి చేతిలో పెట్టండి. రెండో గది సంగతి జూన్ బిల్లు వచ్చాక చూసుకోవచ్చు.